పులుపక్క బ్రష్షు

జ్యూసుల ఫ్యాక్టరీలో ఆవిడ అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. అందరికీ పులుపక్కే. నిమ్మరసం తొట్టి ఏదైనా సరే, ఆవిడ ఒక గుక్క పుక్కిలించి ఉమ్మేసి తలూపితేనే రసం సీసాల్లోకి దిగుతుంది. ఒక తొట్టి పులుపు ఇంకో తొట్టి మీదికి రాకూడదని మధ్యలో పళ్ళు తోముకునే పద్ధతి కూడా ఆవిడ పెట్టిందే. రుచీ వాసనా లేని పేస్టు, గట్టి బ్రష్షు, మాడిన గిన్నె తోమినట్టు తోముడు. మేనేజరు మురిసిపోయి రుచి గదిలోనే కుళాయి పెట్టించాడు. ఎంత భాగ్యం! ఆ గదిలోనే పులుపక్క తన చెల్లెల్ని కూడా పనికి పెట్టించి, దగ్గరుండి తోమడం నేర్పింది.

ఇప్పుడు చల్లటి రసం తగిలితే చాలు, పళ్ళు జివ్వుమని ప్రాణం తీస్తున్నాయి. కొన్నాళ్ళు పంటి బిగువున ఓర్చుకుంది. ఆ పళ్ళే ఓర్చుకోలేక, చివరికి డాక్టరమ్మ దగ్గరికి పంపాయి.

"ఇంతలా ఎవరు అరగదీశారమ్మా?" అంది డాక్టరమ్మ.

"ఎవరూ కాదండీ. శుభ్రంగానే తోముకుంటాను, రోజంతా."

"అదే కొంప ముంచింది. పులుపు తగిలితే పంటి పైపొర మెత్తబడుతుంది. దాని మానాన వదిలేస్తే లాలాజలమే మెల్లగా గట్టిపరుస్తుంది, ఫ్లోరైడు పేస్టు సాయం చేస్తుంది. మెత్తగా ఉన్నప్పుడే బ్రష్షు పెట్టారో, పొర లేచిపోతుంది. పోయింది మళ్ళీ రాదు. కనీసం గంట ఆగండి. మెత్తటి బ్రష్షుతో, నెమ్మదిగా."

తన పళ్ళ సంగతి సరే, పులుపక్కకి చెల్లెలి నవ్వు కళ్ళ ముందు మెదిలింది.

మర్నాడు మేనేజరు గదికెళ్ళింది. "సార్, తొట్టికీ తొట్టికీ మధ్య గంట కావాలి."

"గంటసేపు లైను ఆపితే అందరం ఇంటికే, పులుపక్కా," అని నవ్వాడాయన. "నీకు ఓపిక లేకపోతే మానెయ్. చెల్లెలుందిగా, చక్కగా తయారుచేశావు."

కక్కలేక మింగలేక రుచి గదికి వచ్చేసరికి, చెల్లెలు కుళాయి దగ్గర నోటినిండా నురగతో తోముతోంది. పులుపక్క బ్రష్షు లాక్కుంది.

"ఏంటక్కా? నువ్వు నేర్పిందేగా!"

డాక్టరమ్మ చెప్పిందంతా గబగబా చెప్పింది. చెల్లెలు నాలుకతో పళ్ళు తడుముకుంది. "మరి నువ్వూ మానెయ్యక్కా."

"నేను తప్పుకుంటే ఈ గ్లాసు నీ చేతికే ఇస్తారు. నువ్వు సీసాలకి మూతలు బిగించే దగ్గరికి వెళ్ళు. ఈ గది గడప మళ్ళీ తొక్కావో, కాళ్ళు విరగ్గొడతాను."

చెల్లెలు ఏడుస్తూ వెళ్ళింది. తొట్టి సిద్ధమైందని బెల్లు మోగింది. గది అద్దాల గోడ అవతల మేనేజరు నిలబడి చూస్తున్నాడు. పులుపక్క రసం నోట్లో పోసుకుంది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉమ్మేసి తలూపింది.

వెంటనే రెండో బెల్లు. నోరంతా ఇంకా పులుపే, ఆ నోటితో రెండో తొట్టి రుచి తెలీదు. పళ్ళు ఇప్పుడే మెత్తబడి ఉంటాయని తెలుసు. గంట ఆగాలనీ తెలుసు.

చెల్లెలి బ్రష్షు చెత్తబుట్టలో పడేసింది. తన బ్రష్షు మీద పేస్టు వేసుకుంది.