నడుము నిలవని ఓడ

పెట్టె తెచ్చినవాడు దాన్ని కింద గుమ్మంలో దింపేసి, "లిఫ్టు లేదా? అయితే ఇక మీ ఓపిక," అని చక్కా పోయాడు. వోయ్కో దాన్ని మెట్టు మెట్టుకీ ఆనించుకుంటూ పైకి చేర్చేసరికి కళ్ళు తిరిగాయి. ఇదివరకు ఇలాంటి పెట్టెలు తమ్ముడు లివియో భుజాన వేసుకుని ఈల వేస్తూ ఎక్కేవాడు. ఆ మాట గుర్తొచ్చి వోయ్కో తలుపు తీయడం మానేసి, కాసేపు ఆ పెట్టె మీదే కూలబడ్డాడు.

పెట్టె మీద ఓడ బొమ్మ ఉంది. మూడు పొగగొట్టాలున్న పాతకాలపు ప్రయాణికుల ఓడ. లోపల ఉన్నవన్నీ ప్లాస్టిక్ ఇటుకలే. ఒకదానికొకటి నొక్కుకుంటూ పోతే భోజనాల బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా వస్తుంది. ఇలాంటివి బజారులోకి రాకముందే కంపెనీవాళ్ళు కొందరు సమీక్షకులకి పంపుతారు. వాళ్ళు కట్టి చూసి, బాగుందో లేదో వీడియోల్లో జనానికి చెబుతారు. రియెకా రేవుపట్నం మొత్తానికి ఆ గౌరవం వోయ్కో ఒక్కడిదే. ఆ సంగతి ఆయన పాలవాడి దగ్గర్నుంచి పళ్ళ డాక్టరు దాకా ఎవరికీ చెప్పకుండా ఉండలేదు.

వోయ్కో పదవీ విరమణ దాకా రేవులో మైకు ముందు కూర్చుని ఓడల రాకపోకలు చెప్పినవాడు. ఆయన గొంతు వింటే ఎక్కాల్సిన పని లేనివాళ్ళు కూడా ఓడ ఎక్కేసేవారని ఊళ్ళో నవ్వుకునేవారు. వేళ్ళు మాత్రం మొద్దు. చొక్కా గుండీ పెట్టుకోవడానికే తంటాలు పడతాడు. లివియో అందుకు పూర్తిగా విరుద్ధం. కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. నోరు విప్పడు, కానీ వేళ్ళతో తడిమి తలవెంట్రుకంత తేడా పట్టేస్తాడు. వీడియోలో మొహాలు కనపడవు. బల్ల, ఇటుకలు, రెండు చేతులు, వెనక ఒక గొంతు, అంతే. చేతులు తమ్ముడివి. గొంతు అన్నది. మొదటి వీడియోలో వోయ్కో ఏదో మాట వరసకి "నేను కట్టాను" అన్నాడు. జనం మెచ్చుకున్నారు. రెండోసారి మాట మార్చడానికి నోరు రాలేదు. ఆ తరవాత అదే అలవాటైపోయింది.

ఒక్క ముక్క మాత్రం ప్రతిసారీ వోయ్కో పెట్టేవాడు. అది ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ ఉన్న పద్ధతి. నాన్న ఓడల కార్ఖానా నుంచి తెచ్చిన చెక్కముక్కలతో పడవలు చేసుకునే రోజుల్లో కూడా లివియో అంతా చేసి, చివరి ముక్క అన్న వైపు తోసేవాడు. "ఇది నీది," అనేవాడు. వీడియోల్లోనూ అంతే. చివరి నిమిషంలో మొద్దు వేళ్ళ చెయ్యి ఒకటి వచ్చి జెండానో కొక్కేన్నో పెట్టి వెళ్ళిపోయేది. ఇంత తేడా చేతులు చూసి కూడా ఎవరూ కనిపెట్టలేదని వోయ్కో లోపల్లోపల మురిసిపోయేవాడు.

పోయిన శరత్కాలంలో రాజధాని జాగ్రెబ్‌లో ఈ ఇటుకల పిచ్చివాళ్ళందరూ కలిశారు. వోయ్కోకి శాలువా లాంటిదేదో కప్పి, ఫలకం చేతిలో పెట్టారు. బయటికి వస్తుంటే ఊదారంగు జుట్టు అమ్మాయి ఒకతె ఎదురొచ్చింది. వెనక రెండు పెట్టెలు మోసుకొస్తున్న లివియోని చూసి కళ్ళు పెద్దవి చేసుకుని, "చేతులు ఈయనవేనా?" అంది.

వోయ్కో గబుక్కున ఆ అమ్మాయికి అడ్డంగా నిలబడ్డాడు. "అబ్బే, ఈయన మా తమ్ముడు. పెట్టెలు మోయడానికి వచ్చాడు," అన్నాడు.

లివియో పెట్టెలు కారులో పెట్టాడు. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తరవాతి ఆదివారం ఎప్పట్లా ఇటుకలు కట్టడానికి రాలేదు. జలుబన్నాడు. ఆ పై వారం పళ్ళ పని ఎక్కువగా ఉందన్నాడు. ఆ తరవాత కబురు చెయ్యడం కూడా మానేశాడు. వోయ్కో ఫోను తీసి తమ్ముడి పేరు దాకా వెళ్ళడం, మళ్ళీ పక్కన పెట్టేయడం, శీతాకాలమంతా అదే పని. క్షమించమని అడగడం పెద్ద కష్టం కాదు. ఎందుకు క్షమించాలో నోటితో చెప్పాల్సి రావడమే ఆయనకి కష్టం.

ఇప్పుడీ ఓడ వచ్చి పడింది. వోయ్కో పంతం పట్టాడు. 'వాడు లేకపోతే నాకు చేతులు లేవా?' అనుకున్నాడు.

లివియోకి ఒక పద్ధతి ఉండేది. సంచుల మీద అంకెలు చూసుకుంటూ ఒక్కో సంచీ విప్పేవాడు కాదు. అన్నీ ఒక్కసారే బల్ల మీద గుమ్మరించి, వేలితో తడిమి ఏరుకునేవాడు. "అసలు సిసలు పనివాడు సంచుల అంకెలు చూడడు," అని వీడియోల్లో గొప్పగా చెప్పింది మాత్రం వోయ్కో. చెప్పిన పాపానికి ఇప్పుడు ఆయన కూడా అన్నీ గుమ్మరించాడు. బల్ల నిండింది. నేల మీదకి జారినవి కాళ్ళకి గుచ్చుకున్నాయి.

పేర్చాడు, ఊడదీశాడు, తిట్టుకున్నాడు. ఓడ వెనక తిరిగే చక్రానికి, లోపల ఇంజనుకి ముక్కలు కలిపే చిన్న చిన్న పిన్నులు పెట్టమని పుస్తకంలో ఉంది. చేతికి నల్లవి తగిలాయి, అవి పెట్టేశాడు. ఓడ అడుగుభాగం రెండు సగాలుగా కట్టి మధ్యలో కలిపే చోటికి వచ్చేసరికి నల్లవి చాలలేదు. బూడిదరంగువి మిగిలాయి. "పిన్ను పిన్నే కదా, రంగు చూసుకుని నీళ్ళలో తేలుతుందా?" అని అవి దట్టించేశాడు. చూడ్డానికి బాగానే ఉంది. ఓడని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసుకుని, ఎవరూ లేని గదిలో "ఎలా ఉందిరా?" అన్నాడు. అని, మళ్ళీ తనే సిగ్గుపడ్డాడు.

ఆదివారం పొద్దున ప్రత్యక్ష ప్రసారం. ఆ వీడియోల చివర ఎప్పుడూ ఒక పరీక్ష ఉంటుంది. కట్టినదాన్ని ఒక్క చేత్తో మధ్యలో పట్టుకుని పైకెత్తాలి. లివియో దాన్ని ట్రే ఎత్తినట్టు ఎత్తేవాడు. వోయ్కో ముందుగా వెనక చక్రం తిప్పబోయాడు. అది బిగుసుకుని కదల్లేదు. "చూశారా, ఇది తిరగదు," అన్నాడు రేవు గొంతుతో. తరవాత ఓడ కింద చెయ్యి పెట్టి ఎత్తాడు. ఎత్తడం ఎత్తడమే ఓడ నడుము వంగింది. రెండు సగాలూ రెండు పక్కలకి వాలిపోయి, పొగగొట్టాలు బల్ల మీద దొర్లాయి.

ఆయన వాటిని చేత్తో ఆపాడు. తరవాత నోరు తనకి తెలిసిన పని తను చేసుకుపోయింది. "ఇదండీ సంగతి. చక్రం తిరగదు, నడుము నిలవదు. ఇంత సొమ్ము పెట్టి కొనే ఓడ ఇలాగేనా చేసేది? నా దృష్టిలో పదికి రెండు మార్కులు. అవి కూడా రంగు బాగున్నందుకు." ప్రసారం ఆపేసి, కాఫీ పెట్టుకుని, జనం ఏమన్నారో చూడ్డానికి కూర్చున్నాడు.

"తాతా, చక్రం తిరగట్లేదు, నడుము నిలవట్లేదు అంటే నల్ల పిన్నులూ బూడిద పిన్నులూ తారుమారు చేశావన్నమాట. నల్లవి పట్టుకుంటాయి, బూడిదవి జారతాయి. మా చెల్లికి కూడా తెలుసు," అని రాశాడొకడు.

"పాపం ఓడని తిడతావేంటి పెద్దాయనా?" అన్నాడు ఇంకొకడు.

దాని కింద మరొకరు: "చేతులు ఎక్కడికి పోయాయి? ఆయన ఈ తప్పు చచ్చినా చెయ్యడు."

"చేతులకి ఒంట్లో బాగుందా?"

"ఈసారి అన్ని ముక్కలూ చివరి ముక్క చెయ్యే పెట్టినట్టుంది!"

వోయ్కో కాఫీ కప్పు కింద పెట్టేశాడు. అందరికీ తెలుసు. మొదటి నుంచీ తెలుసు. వాళ్ళలో వాళ్ళు 'చేతులు', 'గొంతు' అని పేర్లు కూడా పెట్టుకున్నారు. ఆ రెండూ ఒకరివని నమ్మిన అమాయకుడు లోకంలో ఒక్కడూ లేడు. ఇంకా కిందికి వెళితే ఇది కనిపించింది: "జాగ్రెబ్‌లో అడిగింది నేనే. పెట్టెలు మోస్తున్న ఆయన ఎడమ బొటనవేలి గోరు చీలి ఉంది. వీడియోల్లో చూసిన గోరే. నమస్కారం పెడదామని వచ్చాను. మీరు కాదన్నారని ఊరుకున్నాను."

కాఫీ చల్లారిపోయింది. ఎవరి దగ్గరా దాగని అబద్ధం కోసం తమ్ముణ్ణి కూలివాణ్ణి చేశాడు. తల కొట్టేసినట్టయింది ఆయనకి.

విరిగిన ఓడని బట్టల బుట్టలో సర్దుకుని, రాలిన ముక్కలు జేబుల్లో పోసుకుని, బస్సెక్కి, వంతెన అవతల తమ్ముడుండే సుషాక్ వెళ్ళాడు. దక్షిణపు గాలి కొడుతోంది, వాన ముఖం మీదే పడుతోంది. తలుపు తీసింది లివియో భార్య నీవెస్. బుట్ట వైపు చూసింది.

"ఏంటి బావగారూ, ఉతకడానికి మా ఇల్లే దొరికిందా?"

"లివియో ఉన్నాడా అమ్మా?"

"ఉన్నారు. పొద్దున మీ ప్రసారం చూసి, టీవీ ముందు నుంచి లేచి బాల్కనీలోకి పోయారు. ఓడ విరిగినప్పుడు ఆయన మొహం చూడాల్సింది. చెప్పులు బయట విప్పండి, ఇప్పుడే తుడిచాను."

లివియో లోపలికి వచ్చి అన్నని చూశాడు, బుట్టని చూశాడు. వంటింటి బల్ల మీద గుడ్డ పరిచి, ఓడ సగాలు బయటికి తీశాడు. వెనక చక్రంలోంచి నల్ల పిన్నులు లాగాడు, నడుములోంచి బూడిదవి లాగాడు. ఒకదాని చోటికి ఒకటి మార్చాడు. చూసి చెయ్యడం లేదు. కళ్ళు కిటికీ వైపున్నాయి, వేళ్ళే పని చేసుకుపోతున్నాయి.

"రెండు మార్కులా?" అన్నాడు చివరికి.

"తప్పయిపోయిందిరా."

"రేపు పొద్దున్నే దాని మార్కులు దానికి తిరిగిచ్చెయ్యి. చేసినవాళ్ళు ఎంత కష్టపడ్డారో. దానిదేం తప్పు?"

"ఇస్తాను. నీ పేరు కూడా చెప్తాను. అన్నీ కట్టింది నువ్వేనని చెప్తాను. ఇప్పుడే చెప్పమన్నా చెప్తాను, ఫోను ఇక్కడే ఉంది."

"చెప్తే చెప్పు, మానితే మాను."

నీవెస్ చిక్కుడు పులుసు గిన్నె తెచ్చి పెట్టి, ఇద్దరి మొహాలూ చూసి, పక్కగదిలోకి వెళ్ళిపోయింది.

"అందరికీ తెలుసటరా," అన్నాడు వోయ్కో. రేవంతా వినపడే గొంతు బల్ల దాటి పోలేదు. "మొదటి నుంచీ తెలుసట."

"అవును. కింద రాస్తుంటారుగా."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

లివియో పొగగొట్టం ఒకటి బిగిస్తూ, "నువ్వే చెప్తావేమోనని చూశాను అన్నయ్యా," అన్నాడు. "ఆ పిల్ల అడిగినప్పుడు చెప్తావనుకున్నాను. పెట్టెలు కింద పెట్టి చెయ్యి తుడుచుకోబోయాను కూడా, కరచాలనం చేస్తుందేమోనని."

వోయ్కోకి ఆ సంగతి తెలియదు. ఆ రోజు ఆయన వెనక్కి తిరిగి చూడనేలేదు. ఇప్పుడు కళ్ళ ముందు కనపడింది. పెట్టెలు దించబోతూ నడుము వంచిన తమ్ముడు, మళ్ళీ అలాగే ఎత్తుకున్న తమ్ముడు. ఏడుపొచ్చింది. పులుసు గిన్నె వైపు తల దించుకున్నాడు.

ఓడ నిలబడింది. లివియో చక్రాన్ని వేలితో కొడితే గిర్రున తిరిగింది. ఓడ మధ్యలో అరచెయ్యి పెట్టి ఎత్తాడు. ఎక్కడా కదలకుండా నిటారుగా నిలిచింది. దించి, మిగిలిన ఒక్క జెండా ముక్కని అన్న వైపు తోశాడు.

"ఇది నువ్వు పెట్టు," అన్నాడు వోయ్కో.

"అది నీది. ఎప్పుడూ నీదే కదా."

"ఒక్కసారి నువ్వు పెట్టరా, నా మాట విని."

లివియో గుడ్డ మడత పెట్టుకున్నాడు. "ఇంటికెళ్ళి తీరిగ్గా పెట్టుకో. బుట్టలో కుదరదు, ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళు."

"వచ్చే ఆదివారం వస్తావా?"

"ఆదివారాలు మనవరాలిని ఈతకి తీసుకెళ్తున్నాను. దానికి నీళ్ళంటే భయం పోవట్లేదు. చెయ్యి పట్టుకోవాలి." ఆ మాటల్లో కోపం లేదు. ఉంటే బాగుండునని వోయ్కోకి అనిపించింది. కోపం ఉంటే చల్లార్చవచ్చు. తమ్ముడి మాటల్లో ఉన్నది తీరిక లేకపోవడమే.

బస్సులో ఓడని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ముందు కొస కిటికీ దాకా, వెనక చక్రం నడిచే దారిలోకి వచ్చింది. ఎక్కేవాళ్ళు తప్పుకుంటూ, నవ్వుకుంటూ పోతున్నారు. జెండా ముక్క ఆయన గుప్పిట్లో ఉంది. చేపల సంచీతో ఒకావిడ పక్కన కూర్చుని, పొగగొట్టాలనీ చిన్న చిన్న కిటికీలనీ తదేకంగా చూసింది.

"ఎంత ముచ్చటగా ఉందండీ! మీరే కట్టారా?"

"కాదండీ," అన్నాడు వోయ్కో. "మా తమ్ముడు కట్టాడు. లివియో అని. అన్నీ వాడే కడతాడు. నేను మోసుకెళ్తున్నానంతే."

ఎంత తేలిగ్గా వచ్చేశాయో ఆ మాటలు. అడ్డుపడ్డది ఏదీ లేదు, ఊడిపోయింది ఏదీ లేదు.

"మంచి పనిమంతుడు. నేను అన్నానని ఆయనకి చెప్పండి," అంది ఆవిడ. వంతెన దాటాక చేపల సంచీ తీసుకుని దిగిపోయింది.