రెక్క తీసిన ఇల్లు

పక్షికి రెక్క తీస్తే పడిపోతుంది. అష్‌కోమ్ ఇంటికి మాత్రం రెక్క తీస్తేనే నిలుస్తుందట. ఆ మాటన్నది పెల్హామ్, ఆ ఇంటావిడ లెటిస్‌కి పిన్ని కొడుకు; ఇళ్ల నమూనాలు గీయడం అతని వృత్తి.

"కుడివైపు కొత్త రెక్క, ఆ పక్కవాటా నిండా చెక్కతెగులే, లెటీ. అసలింట్లోకి పాకుతోంది. ఇప్పుడే కూల్చకపోతే రెండూ పోతాయి."

కొత్తదంటే ముత్తాత కట్టించింది. అసలిల్లు అంతకుముందు, మూడో జార్జి రాజుగా ఉన్నప్పటిది: ఎర్ర ఇటుక, నడుమ తలుపు, అటెన్ని కిటికీలో ఇటన్నే. ముత్తాతకి సంతానం పెరిగి, సరిగ్గా ఉన్న ఇంటికి సరిపడని రెక్క తగిలించాడు. ఇప్పుడు మిగిలింది లెటిస్ ఒక్కతే. కప్పు కారినచోటల్లా కప్పులు పెట్టి, టీ సాసర్లో తాగుతోంది.

ఆ రెక్కలో పైగది తమ్ముడు హ్యూది. యుద్ధంలో నార్మండీ వెళ్లినవాడు తిరిగిరాలేదు. ఆ గది తలుపూ, అతని తలపూ రెండూ ఆమె మూయలేదు.

"హ్యూ గది..." అంది.

"సామాన్లు ఇవతలికి తెచ్చేద్దాం."

"సామాన్లు కాదు."

పెల్హామ్ చేతిలో టోపీ తిప్పాడు. "ఇల్లు కావాలా, గది కావాలా? రెండూ మిగల్చడం నావల్ల కాదు."

"ఇల్లు," అంది, పంచదార వద్దన్నంత తేలిగ్గా.

కూల్చేరోజు మేస్త్రీ ఆల్ఫ్ అడ్డొచ్చాడు. "లోపలికెళ్లండి దొరసానిగారూ! మీ ముత్తాతగారి దుమ్ము మహా గడుసుది, ముక్కులోకెక్కితే దిగదు."

"చూస్తాను."

హ్యూ గదిలో నీలం కాగితం అంటించిన గోడ ఒక్కక్షణం ఆకాశానికి అతుక్కున్నట్టు నిలిచి, కూలింది. ఆమె ఏడుస్తుందని ఆల్ఫ్ రుమాలు తీశాడు; అది తన ముఖంకంటే మురికిగా ఉండటం చూసి, మళ్లీ జేబులో కుక్కుకున్నాడు. లెటిస్‌కి చేతులు చల్లబడ్డాయనిపించింది. అంతే.

రెక్కలోకి వెళ్లే పైదారిని ఇటుకలతో మూసి, బయట సున్నం పూశారు. ఎడమవైపు గోడకి కిటికీ ఉంది కాబట్టి ఇక్కడా ఒకటి ఉండాలన్నాడు పెల్హామ్. గాజుకి స్తోమత లేదు. రంగుతో గీస్తే సరి, అసలిల్లు కట్టిన కాలంవాళ్లూ అలాగే చేసేవారు.

ఆల్ఫ్ నిచ్చెనెక్కాడు. "కిటికీ రెక్క పైకెత్తి తెరిచినట్టు వెయ్యనా, దించి మూసినట్టా?"

"ఎత్తినట్టే," అన్నాడు పెల్హామ్ మెల్లగా. "హ్యూ ఎంత చలిలోనైనా కిటికీ తెరుచుకునే పడుకునేవాడు కదా, లెటీ."

ఆమె ఆ ఉత్తగోడకేసి తలెత్తింది.

"మూసినట్టు వెయ్యి, ఆల్ఫ్," అంది. "వాన లోపలికొస్తుంది."

ఆల్ఫ్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి, రంగుడబ్బా మూత తీశాడు.