అలలమ్మ నీళ్ళలో దిగిన పూట

"ఊఁ" అని అలలమ్మ లివరు ముందుకు తోసింది. "హా" అని వెనక్కి లాగింది. గోడ అవతల గాలి ఊదే బ్లోయరు ఆంబోతులా రంకె వేసింది. కాళ్ళ కింద నేల సన్నగా వణికింది. చిన్న అద్దపు కిటికీలోంచి చూస్తే, కొలను ఈ చివర లేచిన అల తాపీగా నడుచుకుంటూ ఆ చివరకు పోయి, లోతులేని చోట కూర్చున్న పిల్లల మీద విరిగింది. పిల్లలు పడ్డారు, లేచారు, మళ్ళీ పడటానికి కూర్చున్నారు.

అలలమ్మ పొట్టి మనిషి. నీలం యూనిఫారం చంకల దగ్గర వెలిసిపోయింది. లివరు పట్టీ పట్టీ కుడి భుజం ఎడమదానికంటే లావెక్కింది, అరచేయి రోకలిబండలా నునుపుదేరింది. ఆ ఇరుకు గదిలో ఒక స్టూలు, ఒక నీళ్ళ సీసా, గాలి నొక్కుడు చూపించే ముల్లు, ఆమె. కాలు చాపుకోవడానికి కూడా ఎవరో ఒకరి అనుమతి అడగాలన్నట్టుంటుంది. టిక్కెట్టు కొని కొలనుకి వచ్చేవాళ్ళకి అలలు కనబడతాయి. అలలమ్మ కనబడదు. పని చేసేవాళ్ళు కనబడకుండా గోడలు కట్టడంలో పెద్దమనుషులకి మించినవాళ్ళు లేరు.

అల పుట్టించడంలో మాయలేమీ లేవు. లోతు చివర గోడ వెనక సిమెంటు గదులున్నాయి. వాటి అడుగు కొలనులోకి తెరుచుకుని ఉంటుంది కాబట్టి వాటిలోనూ సగం దాకా నీళ్ళే. లివరు తోస్తే బ్లోయరు గాలి ఆ గదుల్లో దూరి నీళ్ళ నెత్తిన నొక్కుతుంది. నీళ్ళు కడుపులో మాట దాగని మనుషుల్లాంటివి. ఒకచోట నొక్కితే ఆ నొక్కుడు అన్ని మూలలకీ చాటింపు వేసేస్తాయి. గోడ కిందనుంచి తోసుకొచ్చి కొలనులో ఉబ్బుతాయి. లివరు లాగితే గాలి బయటికి, నీళ్ళు మళ్ళీ గదిలోకి. కిటుకంతా వేళలో ఉంది. కొలనుకి తనదైన ఊపు ఒకటుంటుంది. దానికి తగ్గట్టు తోస్తే చిన్న అల మీద చిన్న అల చేరి పెద్దదవుతుంది. వేళ తప్పితే ఒకదాన్నొకటి కొట్టుకుని చస్తాయి, పాలివాళ్ళలా.

ఆ ఊపు అలలమ్మ ఒంట్లోకి దిగిపోయింది. ఆ ఊపు మీదే కొడుకునీ కూతురినీ ఉయ్యాల ఊపింది, ఆ ఊపు మీదే గరిటె తిప్పుతుంది. బస్సు కోసం నిలబడ్డా ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటుంది. బ్లోయరు రొదలో బతికిన గొంతు కాబట్టి ఇంట్లో ఉప్పు అడిగినా వీధి వాళ్ళంతా వింటారు. "నేను నీ పక్కనే ఉన్నానే, పక్కూళ్ళో లేను" అంటాడు మొగుడు.

ఇవాళ్టితో ఆమె కొలువు అయిపోతుంది. దానికేమీ దిగుల్లేదు. మధ్యాహ్నం పూట కాళ్ళు చాపుకుని పడుకోవాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. దిగులంతా తోడికోడలి గురించే. ఆమె కుట్టుపని చేసే కంపెనీ గేటుకి తాళం పడింది. అదే నెలలో మరిది నడుము పడిపోయింది. గేట్లకి తాళాలు వేయడంలో ఉన్న చురుకు జీతాలు వేయడంలో ఉంటే లోకం ఎప్పుడో బాగుపడేది. వాళ్ళకి ఇద్దరు పిల్లలు, ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు, రెండోది వెలగాలంటే ఈ లివరు తోడికోడలి చేతికి రావాలి.

మధ్యాహ్నం జనాన్ని బయటికి పంపి కొలను ఖాళీ చేసినప్పుడు ఇద్దరూ లివరు దగ్గర నిలబడ్డారు.

"ఇప్పుడు!" అని అరిచింది అలలమ్మ.

తోడికోడలు ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తోసింది. పోయే అల, వచ్చే అల కొలను నడుమ గుద్దుకుని చప్పబడ్డాయి.

"ఆలస్యం చేశావే!"

"నువ్వన్నప్పుడే తోశానక్కా."

"నేనన్నాక తోశావు."

"అనకముందే తోయడానికి నాకేమన్నా సోదె వచ్చా?"

"అంత బలమెందుకే? అది మొండి ఎద్దు కాదు, ఉయ్యాల. పోయేటప్పుడు చిటికెనవేలితో తోసినా పోతుంది. మీదికొచ్చేటప్పుడు తోశావనుకో, మూతిపళ్ళు రాలతాయి."

"రాలనీ. ఈళ్ళిచ్చే జీతం నమలడానికి చిగుళ్ళు చాలు."

ఇద్దరూ నవ్వుకుంటుండగా మేనేజరు తలుపు తోసుకుని వచ్చాడు. ఇస్త్రీ మడతలు కూడా అరగని మనిషి.

"ఏమ్మా, అలలు పడుకున్నాయా? సాయంత్రం బ్యాచికి ఈమె ఒక్కతే నడపాలి. నడిపితే రేపట్నుంచి రమ్మను. లేకపోతే యంత్రం ఆపేద్దాం. నీళ్ళు ఊరికే ఉంటే కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది."

"మీరు కూడా ఊరికే ఉంటే ఇంకా తగ్గుతుంది సార్" అని అలలమ్మ అన్న మాట అప్పుడే లేచిన బ్లోయరు రొదలో కలిసిపోయింది. లేకపోతే చివరి రోజు ఇంకో రకంగా ముగిసేది.

మళ్ళీ మొదలుపెట్టారు. "ఇప్పుడు!" చచ్చింది. "ఇప్పుడు!" అదీ చచ్చింది. అలలమ్మకి గొంతు బొంగురుపోయింది, తిన్న అన్నం మత్తు కమ్మింది. నోరంతా తెరిచి ఆవులించింది.

తోడికోడలు టక్కున లివరు తోసింది.

"ఇప్పుడెందుకు తోశావే? నేనేమీ అనలేదుగా!"

"నోరు తెరిచావుగా!"

అలలమ్మ తెరిచిన నోరు అలాగే ఉంచి ఆలోచించింది. బ్లోయరు రంకె వేసేటప్పుడు ఎవరి మాట ఎవరికి వినబడుతుంది? అందుకే ఇందాకట్నుంచి ఆ పిల్ల తన పెదాలనే చూస్తోంది. కళ్ళు ఇక్కడుంటే ఇంక నీళ్ళని ఎప్పుడు చూస్తుంది? తాను గొంతు చించుకున్న కొద్దీ అలలు చస్తున్నాయి. నేర్పుతున్నాననుకున్నది అడ్డం నిలబడటం అన్నమాట!

"ఓసి నా నోరు పడిపోనూ" అనుకుంది.

సాయంత్రం బ్యాచి జనం దిగారు. మేనేజరు గట్టు మీద కడ్డీల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అలలమ్మ స్టూలు మీదనుంచి లేచింది.

"నేను పోతున్నా."

"ఎక్కడికక్కా?"

"నీళ్ళలోకి."

"నీకు ఈత రాదు కదక్కా!"

"పట్టుకోవడానికి తాడుంది, గట్టు మీద ఈలయ్య ఉన్నాడు. మునిగితే నీ చేతి అలకే మునిగానని గొప్పగా చెప్పుకో."

ఇన్నేళ్ళలో ఆమె కొలను కడిగింది, నాచు గీకింది, కదలని నీళ్ళలో నడిచింది గానీ, అలల్లో మాత్రం ఎప్పుడూ లేదు. అలలున్నప్పుడల్లా ఆమె గోడ వెనకే. గట్టు మీద కూర్చుని కాపలా కాసే మనిషిని అందరూ ఈలయ్య అంటారు. అలలమ్మ యూనిఫారంతో, రబ్బరు చెప్పులతో మెట్లు దిగుతుంటే అతను లేచి నిలబడ్డాడు.

"చెప్పులతో దిగకూడదక్కా!"

"ఈల వెయ్యి తమ్ముడూ. నీ ఉద్యోగం నువ్వు చెయ్యి."

అతను నిజంగానే వేశాడు. జనం నవ్వారు. ఆమె తాడు పట్టుకుని గుండెల దాకా నీళ్ళు వచ్చేచోటికి పోయి నిలబడింది. ముల్లు మీద చూసిన నొక్కుడు ఇప్పుడు పక్కటెముకలకి తెలిసింది. కాళ్ళ దగ్గర ఇంకా ఎక్కువ. నీళ్ళు అన్ని వైపులనుంచీ చుట్టుకుని గట్టిగా పట్టుకున్నాయి.

మొదటి అల సగం దారిలో చచ్చింది. ఎవరో "డబ్బులు వాపస్ ఇవ్వండి" అని అరిచారు. మేనేజరు వాచీ చూసుకున్నాడు. అలలమ్మ కిటికీ వైపు చూసింది. అద్దం వెనక తోడికోడలి మొహం, భయంతో ఇంతైపోయి, సరిగ్గా తన పెదాలనే చూస్తోంది. "ఇప్పుడు" అనే మాట గొంతు దాకా వచ్చింది. అలలమ్మ దాన్ని మింగేసి, కిటికీకి వీపు తిప్పింది.

రెండో అల కూడా చచ్చింది. ఆమె తిరగలేదు. తాడు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. తోడికోడలు తోయడం మానేసింది కాబోలు. లేదు, చూస్తోంది. నీళ్ళని చూస్తోంది.

అప్పుడు నడుము దగ్గర నీళ్ళు మెల్లగా వెనక్కి లాగాయి. చిన్న అలొకటి వీపు నిమిరి పోయింది. దాని వెనకది కాస్త పెద్దది. దాని వెనకది పాదాల కిందనుంచి ఆమెను అమాంతం ఎత్తేసింది! ఎత్తి, ఊపిరి తీసుకునేలోగా మళ్ళీ ఉన్నచోటే దించింది. పక్క నీళ్ళూ అక్కడే ఉన్నాయి, తానూ అక్కడే ఉంది. ఎత్తిన బలం ఒక్కటే చేతులు మారుతూ ముందుకు పోయి, అక్కడ పిల్లల్ని దొర్లించింది. వాళ్ళ కేక చెవులు గింగురుమనిపించింది.

"ఓరి దేవుడా, ఇన్నేళ్ళూ నీళ్ళు పంపుతున్నాననుకున్నానే! చుక్క కూడా పంపలేదురా!" అని పగలబడి నవ్వింది. నవ్వుతుంటే ఇంకో అల వచ్చి నోట్లో పడింది. ఉమ్మేసి మళ్ళీ నవ్వింది.

మేనేజరు చేతులు విప్పాడు. "రేపట్నుంచి రమ్మనవయ్యా ఆవిడ్ని" అని ఈలయ్యకి చెప్పి, ముఖం చిట్లించుకుని, అలకి తడిసిన బూట్లతో వెళ్ళిపోయాడు.

అలలమ్మ తాడు పట్టుకుని గట్టెక్కింది. బట్టల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. లివరు గది వైపు తిరగకుండా వెనక గేటు దారి పట్టింది.

"చెల్లెమ్మకి చెప్పి వెళ్ళవా అక్కా?" అన్నాడు ఈలయ్య.

"చెప్తే నా మొహం చూస్తుంది. నీళ్ళు చూడనీ. రాత్రికి ఒకే ఇంట్లో పడుకుంటాం కదా, అప్పుడు తిట్టుకుంటాంలే."

గేటు కిర్రుమని తెరుచుకుంది, మూసుకుంది. తాడుకి అవతల, లోతు వైపున, పచ్చ పట్టీల రబ్బరు చెప్పొకటి అల వచ్చినప్పుడు లేస్తూ, పోయినప్పుడు దిగుతూ, అక్కడక్కడే ఊగుతోంది.