చిలకల డప్పు

రుక్కమ్మ శవం నదికి దిగువన తుమ్మచెట్ల మధ్య దొరికింది. నడుముకు దోపుకున్న కొడవలి అలాగే ఉంది. దొర భీమేశ్వరరావు గొడుగు కింద నిలబడి ఒకసారి చూశాడు. “డప్పు కొట్టినంక గూడ ఒడ్డెక్కకపోతే ఎవలేం జేస్తరు?” అన్నాడు. అని ఇంటికి భోజనానికి వెళ్లాడు.

విద్యార్థి మిత్రులారా, మీరు సభల్లో భూమి గురించి మాట్లాడతారు, కూలి గురించి మాట్లాడతారు. నీళ్ల గురించి కూడా మాట్లాడండి. నేను బోరబండలో గది కిరాయికి తీసుకుని ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను కానీ, పుట్టి పెరిగింది మణికొండ అవతల మూసీ ఒడ్డున. మావాళ్లు నదిలో గడ్డి కోసి పట్నంలో పాడి బర్రెలకు అమ్ముకుని బతుకుతారు. ఎగువన మూసీకి అడ్డంగా కట్ట ఉంది. దాని గేట్లు ఎత్తే ముందు కట్ట దగ్గరి మనిషి సైకిల్ మీద వచ్చి కబురు చెప్పాలి. మా బాలనర్సయ్య ఒడ్డు వెంట డప్పు కొట్టుకుంటూ పోవాలి. ఆ డప్పు వింటే నదిలో ఉన్నవాళ్లు మోపులు వదిలేసి ఒడ్డు ఎక్కాలి. మా తాతల కాలం నుంచీ ఇదే పద్ధతి.

రుక్కమ్మ పోవడానికి ముందు కరువు సాగిన రెండేళ్లూ దొరకు ఒకటే దిగులు, తన జామతోట. తోటకు నీళ్లు తోడే మోటారు పైపు కట్ట వెనుక నీటిలో ఉంది. మట్టం కాస్త తగ్గితే పైపు మూతి బయటపడుతుంది. అందుకని వానాకాలంలో కూడా కట్టను అంచుదాకా నింపి ఉంచారు. తోటలో కాయ పడగానే చిలకలు వాలాయి. వాటిని తోలడానికి బాలనర్సయ్యను వెట్టికి పిలిచారు. పొద్దున్నుంచి మాపటిదాకా అతను తోటలో డప్పు కొట్టాడు. నెల తిరిగేసరికి ఆ చప్పుడు ఎవరి చెవికీ ఎక్కడం మానేసింది.

అప్పుడు ఎగువన వాన దంచింది. నిండుగా ఉన్న కట్టలో కొత్త నీటికి చోటెక్కడిది? గేట్లన్నీ ఒక్కసారే ఎత్తారు. కబురు అందగానే బాలనర్సయ్య ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఒడ్డు వెంట కొట్టుకుంటూ పరుగెత్తాడు. నదిలో రుక్కమ్మ తల కూడా ఎత్తలేదు. “చిలకల డప్పేలే,” అని పక్కనున్న భూలక్ష్మితో అన్నదట. భూలక్ష్మి చెట్టుకొమ్మ దొరికి బతికింది.

దహనమైన సాయంత్రం గడ్డి మోపులు దించే చోట అందరం కూర్చున్నాం. రుక్కమ్మ మొగుడు ఐలయ్య ఏడవడం లేదు, పళ్లు కొరుకుతున్నాడు.

“రోజూ పిట్టలకు కొడితివి. ఇగ నీ డప్పును ఎట్ల నమ్మాలె నర్సయ్యా?”

“కొట్టకుంటే గుడిసె పీకిస్తనన్నడు దొర. నేనేం జేద్దునే?”

“గుడిసె పోతే కట్టుకుంటరు. నా ఆడిదొస్తదా?”

అప్పుడు భూలక్ష్మి లేచింది. ఆమె ఒళ్లంతా ఇంకా గీరుకుపోయే ఉంది. “ఆయన మీద పడితే ఏమొస్తదే ఐలన్నా? గా డప్పు మనందరి పానం. దాన్ని దొర తోటకు ఎవలిచ్చిన్రు? రేపటి సంది ఇయ్యొద్దు. కట్ట కాడికి పోయి ఆ ఇంజినీరును గూడ అడుగుదం.”

మర్నాడు వందమందిమి కట్ట మీదికి వెళ్లాం. ఇంజినీరు చలపతిరావు కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడతాడు. “వాన రాకముందే కొంచెం కొంచెం వదిలి ఖాళీ ఉంచాలనే మేమూ చదువుకున్నామండి. మట్టం తగ్గిస్తే దొరగారి పైపు తేలిపోతుంది. వెంటనే నాకు పైనుంచి ఫోను వస్తుందండి.”

“దొర పైపు ఎండుతదని మమ్ముల ముంచుతవా సారూ?” అంది భూలక్ష్మి.

“నేను ఉద్యోగస్తుణ్ణమ్మా,” అన్నాడాయన. మనిషి మంచివాడే. ఆయన మంచితనం ఒక్క గేటును కూడా ముందుగా ఎత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ రోజే కట్ట మీద నిలబడి తీర్మానించుకున్నాం. తోటలో ఇక డప్పు మోగదు. ఇద్దరు గడ్డికోతవాళ్లు వంతులవారీగా కట్ట మీద కాపలా ఉంటారు. గేటు కదిలితే ఎర్రగుడ్డ ఊపుతారు. దగ్గరున్న వాడ డప్పు అందుకుంటుంది, దాన్ని విని కింది వాడ అందుకుంటుంది. పైనుంచి కబురు కోసం, సైకిల్ కోసం ఎదురుచూసేది లేదు.

చిలకలు జామతోటను ఊడ్చిపెట్టాయి. నాలుగో రోజు పోలీసు జీపు దిగింది. బాలనర్సయ్య ఆనాడు డప్పు కొట్టలేదని, అందుకే రుక్కమ్మ చచ్చిపోయిందని కేసు. డప్పు కొట్టాడని శవం ముందు నిలబడి చెప్పిన దొరే పెట్టిన కేసు! ఇన్‌స్పెక్టర్ ఐలయ్యను సాక్ష్యం అడిగాడు.

“కొట్టిండు. మేమే నమ్మలే. ఎందుకు నమ్మలేదో దొరనడుగు,” అన్నాడు ఐలయ్య.

అయినా బాలనర్సయ్యకు బేడీలు వేసి, డప్పుతో సహా జీపెక్కించారు. స్టేషన్ నది అవతల. మేం జీపు వెంట పరుగెత్తాం. ఎగువన ఆకాశం పొద్దున్నుంచీ నల్లగానే ఉంది. జీపు నది దాటే చప్టా దగ్గరికి చేరేసరికి, ఎక్కడో పైన ఒక డప్పు మోగింది. తర్వాత ఇంకొకటి, ఇంకా దగ్గరగా.

“మళ్లీ ఎవడి తోటలోరా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“తోట గాదు సారూ. గేట్లు లేసినయ్. బండి ఆపు, నువ్వు గూడ కొట్టుకపోతవ్,” అన్నాడు బాలనర్సయ్య.

ఇన్‌స్పెక్టర్ చెప్పకముందే డ్రైవర్ బ్రేకు తొక్కాడు. చూస్తుండగానే చప్టా మునిగిపోయింది. నదిలో ఒక్క మనిషి లేడు, గడ్డికోతవాళ్లంతా ఒడ్డెక్కి నిలబడ్డారు. జీపుకు ముందు నీళ్లు, వెనుక మేం. అందరికంటే ముందు ఐలయ్య.

ఇన్‌స్పెక్టర్ చుట్టూ చూశాడు. గొంతు తగ్గించి, “తప్పుకొమ్మని చెప్పరా వాళ్లకు,” అన్నాడు.

“నా మాట ఇంతమందికి ఇనబడదు సారూ. డప్పు ఇయ్యి, చెప్త.”

వేరే దారి లేక ఇచ్చాడు. బాలనర్సయ్య బేడీల చేతులతోనే డప్పు ఒళ్లో పెట్టుకుని కొట్టాడు. అతను కొట్టింది తప్పుకొమ్మని కాదు, నీళ్ల డప్పు. విన్నవాళ్లందరినీ ఒడ్డుకు రమ్మనే డప్పు. మా ఊరివాళ్లు వచ్చారు, ఖాజాగూడ వాళ్లు వచ్చారు, పేరు తెలియని ఊళ్లవాళ్లూ గుట్టలు దిగి వస్తూనే ఉన్నారు.