రెండు గిన్నెల అన్నం

ఆ కాలువ కింద అందరూ నమ్మే మాట ఒకటుంది: మడికి సున్నం చల్లితే అది గింజలోకి దిగుతుంది, ఆ అన్నం తిన్నవాళ్ళ కడుపు లోపల్నుంచి కాలిపోతుంది.

మట్టి పరీక్షల ఉద్యోగం నుంచి రిటైరై అక్క ఇంటికి చేరిన పెద్దమనిషికి సున్నం మాస్టారు అన్న పేరు అలా పడిందే. ఎగువన మూతపడ్డ బ్యాటరీల కర్మాగారం వదిలిన నీళ్ళతో పొలాల్లో కాడ్మియం చేరిందనీ, అది గింజకెక్కి మూత్రపిండాలను దెబ్బతీస్తుందనీ, సున్నం వేస్తే మట్టిలో పులుపు విరిగి ఆ విషం వేరుకు అంతగా అందదనీ ఆయన ఇంటింటికీ తిరిగి చెప్పాడు. నోరు నొప్పి పుట్టడమే మిగిలింది. పోరు పడలేక అక్క మాత్రం కింది మడి అప్పగించింది. పై మడి జోలికి రానివ్వలేదు.

అక్క మూత్రపిండాలు అప్పటికే నీరసించాయి. ముందు తినే బియ్యం మార్చమన్నాడు డాక్టరు. కోతలయ్యాక కింది మడి బియ్యం నీలం డ్రమ్ములో, పై మడివి తెల్ల డ్రమ్ములో పోశారు. ఆనాటి నుంచి పొయ్యి మీద రెండు గిన్నెలు. ఆయనకు ఆయన సున్నం బియ్యం, అక్కకు అక్క బియ్యం.

“ఒక్క పూట నాది తిని చూడక్కా.”

“నీ కడుపుకి ఇనుప తాపడం ఉందిరా. నాకు లేదు.”

వాదించే ఓపిక ఉద్యోగంలోనే ఖర్చయిపోయిన మనిషి. తలొంచుకుని తినేవాడు. అక్క కాళ్ళ వాపు మాత్రం చూస్తూ ఉండలేకపోయాడు. చివరికి ఒకరోజు, వండేముందు రెండు గిన్నెల్లోంచీ గుప్పెడేసి బియ్యం తీసి, తనదొకటి, అక్కదొకటి పొట్లాలు కట్టి పాత ఆఫీసుకు పంపాడు.

వారం తర్వాత భోజనాల దగ్గర ఫోను మోగింది. ప్రయోగశాల అమ్మాయి.

“మీ గిన్నెలో కాడ్మియం పరిమితికి రెండింతలుంది సార్. అక్కగారిదాంట్లో పరిమితిలో సగం కూడా లేదు.”

“పొట్లాలు తారుమారయ్యాయేమో చూడమ్మా.”

“చూశాకే ఫోను చేశాను సార్.”

ఆయన అక్క వంక చూశాడు. అక్క కంచంలోంచి తలెత్తలేదు.

“డ్రమ్ములు మార్చావా?”

“డ్రమ్ములెందుకు మారుస్తాను? గిన్నెలు మార్చాను.”

“ఎప్పట్నుంచి?”

“మొదట్నుంచీ. నీలం డ్రమ్ము తరక్కపోతే నువ్వు పసిగడతావని నీ బియ్యం నేను తిన్నాను. నేనెలాగూ పోయేదాన్నే. ఆ కాలేదేదో నా కడుపే కాలనీ అనుకున్నాను. నువ్వింకా ఊరందరి ప్రాణాలూ తోడాలి కదా.”

అక్క ఆయన కంచం తన వైపు లాక్కుని, అందులో అన్నం పక్కన పారబోసి, తన గిన్నెలోది వడ్డించింది.

“పై మడికీ చల్లుదాంలే. అయితే ఒక్కటి చెప్పు. ఇన్నాళ్ళూ నా కడుపులో మంట పుడుతూనే ఉంది. అది సున్నం కాకపోతే మరేమిటి?”

ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. ఆయన ఆ ప్రశ్ననే అటు అందించాడు. అమ్మాయి అదీ పరీక్షించే ఉంచింది.

రెండు గిన్నెల బియ్యంలోనూ సున్నం పాళ్ళు ఒక్కటే.