కళ్లా, కల్లా

2001 ఫిబ్రవరి 19, సోమవారం మధ్యాహ్నం 12 గంటల 31 నిమిషాలకు జనగామలో నాకు పేరు పెట్టారు. నేను ఒక కంప్యూటరు ఫైలును. పద్మజా ప్రింటర్స్‌లో డీటీపీ పని చేసే ముంతాజ్ నన్ను తయారు చేసింది. నాలో నాలుగు పేజీలున్నాయి. జనవరి 7న జరిగిన క్యాంపులో కంటి ఆపరేషను చేయించుకున్న అరవై ఒక్క మంది పేర్లు, వయసులు, ఊళ్లు అందులో ఉన్నాయి. ఏ కంటికి చేశారు, ఆరు వారాల తర్వాత చూపు ఎంత వచ్చింది అన్నది కూడా ఉంది. చివర డాక్టరు పేరు. వంద కాపీలు అచ్చయి ఊళ్లకు వెళ్లాయి.

నా పేరు గురించి కొంత చెప్పాలి. ముంతాజ్ వాడే పాత మెషీనులో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు. తర్వాత ఒక చుక్క, మూడక్షరాల తోక. తెలుగు మాటనైనా ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి. ముంతాజ్ నేర్చుకున్న పద్ధతిలో చిన్న ఎల్ అంటే ‘ల’, పెద్ద ఎల్ అంటే ‘ళ’. చిన్న కే ‘క’, పెద్ద కే ‘ఖ’. ఎ, యు పెద్దవైతే దీర్ఘాలు. క్యాంపు కంటిది కాబట్టి ‘కళ్లు’ అనుకుని ఆమె kaLLu అని కొట్టింది. రెండు ఎల్‌లకూ షిఫ్టు మీట నొక్కింది.

మెషీనుకు ఆ తేడా తెలియదు. అన్నీ పెద్దక్షరాలు చేసి ఫ్లాపీ మీద KALLU.PM5 అని రాసుకుంది. ఫైళ్ల పట్టీని తెరమీద చూపించే ప్రోగ్రాము అన్నీ చిన్నవి చేసి kallu.pm5 అని చూపించింది. ఆమె కొట్టింది ఒకటి, మెషీను రాసుకుంది ఒకటి, తెరమీద కనిపించింది మరొకటి. మూడూ నేనే. ముంతాజ్‌కు ఈ సంగతి తెలుసు. అయినా ప్రతిసారీ షిఫ్టు నొక్కేది. తెలుగు తప్పు రాయడానికి చెయ్యి రావడం లేదని యజమాని లింగారావుతో ఒకసారి చెప్పింది.

మే నెలలో ఆమె హనుమకొండలో వేరే ప్రెస్సుకు మారింది. ఆమె స్థానంలో చంద్రమౌళి వచ్చాడు. ఆయనతో పాటు కొత్త మెషీను వచ్చింది. పాతదాన్ని వెనక గదిలో పెట్టి దాని మీద కాగితం కట్టలు పేర్చారు. నేనున్న ఫ్లాపీ సొరుగులోకి వెళ్లింది. దాని మీద అంటించిన చీటీలో తేదీ కూడా లేదు. ‘ముం’ అన్న ఒక్క అక్షరమే ఉంది.

జూన్ 25, సోమవారం ఉదయం 11.40కి ఎర్రకుంట నుంచి గోపగాని బిక్షపతి, ఆయన భార్య ఉప్పలమ్మ ప్రెస్సుకు వచ్చారు. బిక్షపతి కల్లుగీత కార్మికుడు. వయసు యాభై రెండు. నాలో ముప్పై ఏడో పేరు ఆయనదే. కుడి కన్ను.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి ఎర్రకుంట గీత సంఘం ఆ ఏటికి తాటిచెట్లు పంచుతుంది. కంటి ఆపరేషను అయినవాడు చెట్టెక్కి పడితే జవాబు ఎవరు చెప్పాలని సంఘం అడిగింది. చూపు వచ్చినట్టు కాగితం చూపించాలి, లేకపోతే ఆయన గీసే పన్నెండు చెట్లు మిగతావాళ్లకు రాస్తామని చెప్పింది. ఆ పన్నెండు చెట్లను ఆయన ఇరవై ఆరేళ్లుగా గీస్తున్నాడు. డాక్టరు ఇచ్చిన చీటీ చొక్కా జేబులో ఉండి ఉతుకుడులో పోయింది. డాక్టరు మళ్లీ వచ్చేది వచ్చే జనవరిలో. అచ్చయిన కాపీ ఊళ్లో ఎవరి దగ్గరా దొరకలేదు.

“చూపు లేనోడా సార్ ఈయన?” ఉప్పలమ్మ లింగారావును అడిగింది. “మొన్న తొవ్వల పోంగ నూరు గజాల అవుతల మా చెల్లె మొగన్ని గుర్తుపట్టి సందుల దూరిండు.”

“వాడు మాట వెడితే ఇడువడు సార్” అన్నాడు బిక్షపతి.

చంద్రమౌళి సొరుగులోని తొమ్మిది ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూడడం మొదలుపెట్టాడు. క్యాంపు అన్న పేరు వెతికాడు, కన్ను అని వెతికాడు, నేత్ర అని కూడా వెతికాడు. ఏడో ఫ్లాపీలో నేను కనిపించాను. ఈసారి తెరమీద నా పేరు Kallu.

ఆ కొత్త మెషీను తీరు అది. పేరు ఎనిమిది అక్షరాల లోపు ఉండి, అన్నీ పెద్దక్షరాలే అయితే, అది పాతకాలపు పేరని లెక్క వేస్తుంది. మొదటి అక్షరాన్ని పెద్దగా ఉంచి, మిగతావి చిన్నవి చేసి చూపిస్తుంది. చూడడానికి బాగుంటుందని అలా పెట్టారు. ఫ్లాపీ మీద మాత్రం ఏమీ మారదు.

చంద్రమౌళి నేర్చుకున్నదీ ముంతాజ్ పద్ధతే. ఆ ప్రకారం చదివితే Kallu అంటే ‘ఖల్లు’ కావాలి. అలాంటి మాట లేదు. అందుకని ఆయన మొదటి అక్షరాన్ని ఇంగ్లిషు అలవాటు కింద వదిలేసి, ఎల్‌లను మాత్రం పద్ధతి ప్రకారం చదివాడు. మనుషులు నియమాన్ని అవసరం ఉన్నంత మేరకు పాటించడం నేను తర్వాత కూడా చూశాను.

“కన్ను పేరుతోని ఏం లేదు పెద్దమ్మా. గిదొక్కటున్నది, కల్లు అని. మీ సంఘందే అయ్యుంటది.”

“మా సంఘమెన్నడు అచ్చు కొట్టిచ్చింది?” అన్నాడు బిక్షపతి. “మాకు చెట్ల లెక్క సున్నం డబ్బ మీద రాసుకునుడే తెలుసు.”

చంద్రమౌళి నన్ను తెరిచాడు. ముంతాజ్ వాడిన తెలుగు ఫాంట్లు ఆ మెషీనులో లేవు. నాలుగు పేజీల నిండా గీతలు, చుక్కలు, ఇంగ్లిషు గుర్తులు వచ్చాయి.

“చూడుండ్రి, అక్షరాలన్నీ తూలుతున్నయ్. కల్లు ఫైలే ఇది.”

“నవ్వు బిడ్డా, నవ్వు” అంది ఉప్పలమ్మ. “నాలుగు దాటినంక మేం ఏడుస్తం.”

చంద్రమౌళి నవ్వు ఆపేశాడు. మిగిలిన రెండు ఫ్లాపీలు కూడా చూశాడు. ఆయనకు ఖాళీ ఫ్లాపీలు కావలసి ఉంది. చెరిపేయాల్సిన నాలుగింటిని ఒకచోట పెట్టాడు. వాటిలో నేనున్నదీ ఉంది.

12.50కి లింగారావు హనుమకొండలో ఉన్న ముంతాజ్‌కు ఫోను చేశాడు. అందరికీ వినపడేలా స్పీకరు మీట నొక్కాడు. కంటి క్యాంపు లిస్టు ఏ పేరుతో పెట్టావని అడిగాడు.

“కళ్లు అని పెట్టిన సార్.”

“కల్లు అని ఒకటున్నది” అన్నాడు లింగారావు.

“కల్లెక్కడిది సార్? కళ్లు. రెండు ఎల్‌లు పెద్దయి.”

చంద్రమౌళి ఫోను మీదికి వంగాడు. “అక్కా, నీ ఎల్‌లు రెండూ చిన్నయే ఉన్నయ్. కే ఒక్కటే పెద్దది.”

“అది మీ మిషను చూపెట్టుడు తమ్మీ. లోపల అట్ల లేదు. డాస్‌లకు పోయి డిర్ కొట్టి చూడు.”

ఆయన ఫ్లాపీని మళ్లీ పెట్టి, నల్లటి డాస్ తెర తెరిచి, ఫైళ్ల పట్టీ కోసం డిర్ అని కొట్టాడు. నా పేరు పూర్తిగా పెద్దక్షరాల్లో వచ్చింది.

“ఇప్పుడు అన్నీ పెద్దయే వచ్చినయ్ అక్కా. పద్ధతి పెట్టి సదివితే ఖాళ్లూ అయితది.”

“ఖాళ్లూ లేదు గీళ్లూ లేదు. పేరు ఇడిసిపెట్టు. పక్కపొంటి తేదీ ఉంటది, అది చెప్పు.”

“ఫిబ్రవరి పందొమ్మిది. పన్నెండు ముప్పై ఒకటి.”

ముంతాజ్ అంది: “సోమవారం. అది సేవ్ చేసినంకనే టిఫిను డబ్బ తెరిచిన. కంటి లిస్టే అది. నీ మిషన్ల అక్షరాలు రావు. నా ఫాంట్లు పాత మిషన్ల ఉన్నయ్. సార్, దాన్ని అమ్మిండ్రా?”

“ఎవడు కొంటడమ్మా దాన్ని?” అన్నాడు లింగారావు.

నలుగురూ వెనక గదిలోకి వెళ్లి కాగితం కట్టలు దించారు. ఎక్కువ కట్టలు దించింది బిక్షపతి. కొత్త మెషీను తెరను, ప్రింటరు తీగను తీసి పాతదానికి తగిలించారు. 2.05కి అది లేచింది. దాని గడియారపు బ్యాటరీ అయిపోయి 1980 జనవరి 1 అని తేదీ చూపించింది. నన్ను తెరిచారు. తెలుగు వచ్చింది.

నాలుగు పేజీలూ అచ్చయ్యేసరికి 2.48. మూడో పేజీ బిక్షపతి చేతికిచ్చారు. ఆయన కూడబలుక్కుంటూ చదివాడు: “గో... ప... గాని... బిక్షపతి. ఎర్రకుంట. కుడి.” వేలు అదే వరసలో చివరిదాకా పోనిచ్చి, డాక్టరు రాసిన చూపు కొలత దగ్గర ఆపాడు.

లింగారావు ఆయన్ని చూశాడు. “ఇంత చిన్న అక్షరాలు చదువుతున్నవు. సంఘంల గిట్లనే చదివి చూపెట్టరాదు?”

“కాయిదం తెమ్మన్నరు సార్. కన్ను తెమ్మనలే.”

3.02కి వాళ్లు ఆటో ఎక్కారు. ఎర్రకుంట పద్నాలుగు కిలోమీటర్లు.

వాళ్లు వెళ్లాక చంద్రమౌళి తెరను కొత్త మెషీనుకు మార్చి నా పేరును దిద్దాడు. రెండు ఎల్‌లకూ షిఫ్టు నొక్కి kaLLu అని కొట్టాడు. కొత్త మెషీను పొడుగు పేర్లను, అక్షరాల తేడాను కూడా దాచుకోగలదు. అది నాకు రెండో పేరు రాసింది, మొదటిదాన్ని కొట్టెయ్యలేదు. అప్పటి నుంచి ఫ్లాపీ మీద నా పేర్లు రెండూ పక్కపక్కన ఉన్నాయి. కొత్త మెషీను ఒకటి చదువుతుంది, పాతది ఇంకొకటి చదువుతుంది. చంద్రమౌళి చెరిపేయాల్సిన వాటిలోంచి నన్ను తీసి సొరుగులో పెట్టాడు.

27వ తేదీ, బుధవారం ఉదయం పదిన్నరకు ఉప్పలమ్మ ఒక్కతే ప్రెస్సుకు వచ్చింది. సంఘంలో జరిగింది లింగారావుకు చెప్పింది. మనుషులు నిండేదాకా ఆటో కదల్లేదు, వాళ్లు చేరేసరికి నాలుగు దాటి పది నిమిషాలైంది. కార్యదర్శి కాగితం వాసన చూసి, ఇంకా సిరా ఆరలేదు, ఇవాళ కొట్టించింది అన్నాడు. ఊరికే పేరు ఇరికించారేమో, మిగతా పేర్లు కూడా నిజమో కాదో చూద్దామని గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. ముప్పై ఏడో పేరు దాకా చదివాడు. ముప్పై ఎనిమిదోది చదవబోయి ఆగాడు.

నాలో ముప్పై ఎనిమిదో పేరు కూడా ఎర్రకుంటదే. ఎడమ కన్ను. అది సంఘం అధ్యక్షుడిది.

“ఇంట్ల పెండ్లానికి తప్ప ఎవలకు చెప్పలేదట సార్” అంది ఉప్పలమ్మ. “అధ్యక్షుడే కాయిదం గుంజుకున్నడు, నాలుగు మడతలు పెట్టి జేబుల ఏసుకున్నడు. లిస్టు సరిగనే ఉన్నది, రాయిండ్రి అన్నడు.”

బిక్షపతికి పన్నెండు చెట్లూ రాశారు. మర్నాడు, మంగళవారం ఉదయం ఆరుంబావుకు ఆయన మోకు కట్టుకుని మొదటి చెట్టు ఎక్కి, దిగాడు.