తూచని సంచి

మొదలుపెట్టేనాటికి అతని చేతిలో ఉన్నవి అరవై ఇనుప అలమారాలు, వాటి ఎలక్ట్రానిక్ తాళాలు, ఆ తాళాలను నడిపే పన్నెండు వేల లైన్ల ఆపరేటింగ్ సిస్టమ్, ముప్పై రోజుల గడువు, ఒక మరదలు. వీటిలో మాట వినని సరుకు మరదలొక్కతే అని అతని లెక్క.

ఇరవై ఏళ్లు ధాన్యం టోకు వ్యాపారం చేసి, మోకాళ్లు అరిగాక ఈ పనిలోకి దిగాడు. అలమారాలు ఒక పెద్దాసుపత్రికి, మత్తుమందులు భద్రపరచడానికి. నర్సు కార్డు చూపిస్తే తలుపు తెరుచుకోవాలి, ఇంకెవరికీ తెరుచుకోకూడదు. గడువు తీరాక ఆసుపత్రి తరఫున ఒక పరీక్షకుడు వచ్చి మూడు రోజులు కూర్చుంటాడు. ఒక్కదాన్నయినా అడ్డదారిలో తెరిచాడంటే అరవైయ్యీ వెనక్కి వస్తాయి. ఆ తర్వాత వర్క్‌షాపు షట్టరు దించేసుకోవడమే.

మరదలు భార్యకు స్వయానా చెల్లెలు, కోడ్ రాసే మనిషి. వర్క్‌షాపులో అందరూ ఆమెను ఎదురుగానే చాదస్తం అని పిలుస్తారు. ఆమె పలుకుతుంది కూడా.

పదో రోజున పని ఎంతవరకు వచ్చిందని అడిగితే, పన్నెండు వేల లైన్లు తొమ్మిది వేలయ్యాయని చెప్పింది. ఎవరూ వాడని పనులన్నీ కోసేసిందట. లేని కిటికీకి గడియ పెట్టే బాధ ఉండదట.

"ఇలా రోజూ తీసేస్తూ పోతే చివరికి ఖాళీ డబ్బా చేతికిస్తావా?"

"ఖాళీ డబ్బా అయితే దొంగ కూడా రాడు బావా. అంతదాకా రానివ్వన్లే."

తర్వాత ఆమె అతని పాత వ్యాపారం సంగతి ఎత్తింది. లారీ వచ్చినప్పుడు సంచి మీద రాసిన బరువు చూసి దించుకునేవాడివా అని అడిగింది. అతనికి రోషం వచ్చింది. సంచి సంచీ కాటా మీద పెట్టందే గుమ్మం దాటనిచ్చేవాణ్ని కాదన్నాడు.

"నీ సిస్టమ్ మాత్రం తూచదు. నాలో నలభై అక్షరాలున్నాయని కార్డు చెబితే నమ్ముతుంది, నాలుగు వందలున్నాయన్నా నమ్ముతుంది. మెమరీలో మనం చోటు పెట్టింది అరవై అక్షరాలకే. మిగతావి పొర్లి పక్క గదిలో పడతాయి. ఎవరికి తలుపు తీయాలో రాసిపెట్టింది ఆ పక్క గదిలోనే."

మర్నాడు అతను కుర్చీ లాక్కుని ఆమె పక్కన చేరాడు.

ఆమెది ఒక పద్ధతి. కోడ్‌ను లైను లైనూ పైకి చదువుతుంది, రాయనివాడు ఎవరో ఒకరు కూర్చుని వినాలి. వర్క్‌షాపులో చేతులు ఖాళీగా ఉన్నది అతనొక్కడే. కోడ్ ముక్క తెలియదు కాబట్టి, బయటి నుంచి ఏదైనా లోపలికి వచ్చే లైను దగ్గరల్లా ఒకటే అడిగేవాడు: ఎవరు తూచారు? వెల్డింగు చేసేవాళ్లు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. అలా రెండు వందల పద్నాలుగు చోట్లు తేలాయి. ప్రతిచోటా ఆమె ముందు కొలిచి, ఎక్కువైతే తిప్పి పంపేలా రాసింది. కార్డు చదివే భాగాన్నీ తలుపు తీసే భాగాన్నీ విడదీసింది. మొదటిది తలుపు తీయమని అడగగలదు గానీ, తానుగా తెరిచే వీల్లేదు.

ఇరవై ఏడో రోజున అతను చెయ్యెత్తాడు.

"ఆగు. ఇక్కడెవరు తూచారు?"

"ఇది మన సర్వీసు కార్డు, రిపేరుకెళ్లే మెకానిక్ చేతిలో ఉండేది. తూచొద్దన్నది నువ్వే. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ కసిరావు."

నిజమే. రెండేళ్ల కింద ఒక కొనుగోలుదారు ముందు తమ మెకానిక్ కార్డునే అలమారా తిరస్కరిస్తే తల కొట్టేసినట్టయింది. మన కార్డుకి మనమే తనిఖీ పెట్టుకోవడమేమిటని ఆ రోజే తీయించేశాడు.

అతనికి అన్నగారి లారీ గుర్తొచ్చింది. అందరి సంచులూ తూచేవాడు, అన్న పంపినవి తప్ప. అన్న సరుకు తూచితే అన్న ముఖం ఎలా చూడాలి? ఒక ఏడు చివర్లో చూస్తే ఆ సంచులే తగ్గి ఉన్నాయి. అన్న తీయలేదు. అక్కడ తూచరని తెలిసిన డ్రైవరు తీశాడు.

"తూచు," అన్నాడు.

"తనిఖీ లేనప్పుడు చేసిన పాత సర్వీసు కార్డులు కొలతకు సరిపోవు, ఒక్కటీ చెల్లదు బావా. అన్నీ మళ్లీ చేయాలి. మూడు రోజులే ఉన్నాయి."

"నేనూ మీ అక్కా కూర్చుంటాం. నువ్వు తూచు."

భోజనాల బల్ల మీదే కార్డులు చేశారు. మరదలు చెప్పినట్టు విని పనిచేయడం మీ జీవితంలో ఇదే మొదలని భార్య దెప్పింది. అతను కార్డులు లెక్కపెడుతున్నట్టు నటించాడు.

పరీక్షకుడు పొట్టిగా, నిదానంగా ఉన్నాడు. రెండు రోజులు నర్సుల కార్డులతో చేయగలిగిందంతా చేశాడు. మూడో రోజు సంచిలోంచి తాను తయారుచేసుకొచ్చిన నకిలీ సర్వీసు కార్డు తీశాడు. తనలో నాలుగు వేల అక్షరాలున్నాయని చెప్పే కార్డు అది. అందరూ బయటివాళ్లను వెతికి సొంతవాళ్లను వదిలేస్తారని, తన బతుకుతెరువు అక్కడే ఉందని చెబుతూ అలమారాకు ఆనించాడు.

ఎర్ర దీపం వెలిగింది. రికార్డులో ఒక లైను చేరింది. ఆ వెంటనే నర్సు కార్డు చూపిస్తే తలుపు మామూలుగా తెరుచుకుంది. పరీక్షకుడు ఇంకో పదిసార్లు ప్రయత్నించి, కాగితం మీద సంతకం పెట్టి, ఈ తనిఖీ ఎవరి ఆలోచన అని అడిగాడు.

మరదలు బావ వైపు చూపించింది. బావ మరదలి వైపు చూపించాడు.

చివరికి తేలిన లెక్క ఇది. వెళ్లినవి అరవై అలమారాలు, తిరిగొచ్చినవి లేవు. పన్నెండు వేల లైన్లలో మిగిలినవి ఎనిమిది వేల ఏడు వందలు. మూసిన కన్నాలు రెండు వందల పదిహేను, అందులో ఒకటి అతను స్వయంగా పెట్టించింది. మాట వినని సరుకని మరదలి మీద రాసుకున్న పాత పద్దును మాత్రం మనసులోనే కొట్టేసి, తన పేరు కింద వేసుకున్నాడు.